విశాఖలో అద్దె షాపు ఖాళీ చేయించడం: నోటీసు నుంచి కోర్టు అమీనా వచ్చే రోజు దాకా

షాపు యజమానులు వకీలు దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "తాళం వేసేయొచ్చా సార్?" అడగకముందే వేసేసి వచ్చేవాళ్ళూ ఉంటారు. అలాంటివాళ్ళ కేసు ఆ రోజు నుంచి తలకిందులవుతుంది. నిన్నటిదాకా అద్దె ఎగ్గొట్టినవాడు ఇవాళ బాధితుడు, షాపు కట్టి అద్దెకిచ్చినాయన ముద్దాయి.

ఖాళీ చేయించే దావాలో షాపు ఎవరిదన్న తగాదా సాధారణంగా ఉండదు. అది మీదేనని అద్దెదారు కూడా ఒప్పుకుంటాడు. అద్దె ఒప్పందం ఏ తేదీన, ఏ పద్ధతిలో ముగిసిందన్నదే కోర్టు చూసే విషయం. చాలామంది యజమానులు ఆ తేదీని తొందరలోనో మొహమాటంలోనో తమ చేతులతోనే చెరిపేసుకుంటారు. కాబట్టి కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఆ తేదీని కాపాడుకోవడమే పని.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. డాబాగార్డెన్స్‌లో ఒక షట్టరు. 2019లో మూడేళ్ళకని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయించారు, రిజిస్ట్రేషన్ లేదు. అద్దె 42,000, అడ్వాన్సు 4 లక్షలు. మూడేళ్ళు అయిపోయాయి. అద్దెదారు కదలడు, అద్దె మాత్రం ఫోన్‌పేలో వేస్తూనే ఉన్నాడు. యజమాని కొడుకు అదే షాపులో వ్యాపారం పెట్టుకుందామనుకుంటున్నాడు.

మొదటి మెట్టు: ఉన్న కాగితం విలువెంతో తెలుసుకోండి

ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలని ఆస్తి బదిలీ చట్టం (1882) సెక్షన్ 107 చెబుతుంది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. మన ఉదాహరణలో మూడేళ్ళ షరతు కోర్టులో నిలబడదు. అయినా షాపు అప్పగించారు, అద్దె తీసుకున్నారు కాబట్టి అద్దె సంబంధం ఉన్నట్టే. చట్టం దాన్ని నెలవారీ అద్దెగా చూస్తుంది.

ఇది విని యజమానులు కంగారు పడతారు, నిజానికి సగం మేలే. నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. నష్టం మరోచోట ఉంది. ఏటా పది శాతం పెంపు, ఖాళీ చేయకపోతే రోజుకు ఇంత జరిమానా అని మీరు రాయించుకున్న షరతులను రిజిస్టరు కాని ఆ కాగితం చూపించి అమలు చేయించలేరు. స్టాంపు డ్యూటీ తక్కువైతే ఇంకో చిక్కు: లోటుకు పది రెట్ల దాకా జరిమానా కడితే తప్ప కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

అందుకే ఆ ఒక్క కాగితం మీద ఆధారపడకండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయించండి. అద్దెదారు టీడీఎస్ కోసి కడుతుంటే, మీ పేరున జమైన పన్నుల లెక్క చూపే ఫారం 26ఏఎస్‌లో అతని పేరు, మొత్తం కనిపిస్తాయి. అద్దె ఎంతో చెప్పడానికి దానికన్నా గట్టి సాక్ష్యం దొరకదు, ఎందుకంటే అది అతను స్వయంగా ప్రభుత్వానికి చెప్పిన లెక్క. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆస్తి పన్ను రసీదులు, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులు, జీఎస్టీ కోసం అతనికి మీరిచ్చిన అంగీకార పత్రం కాపీ కూడా ఒకే ఫైల్లో పెట్టండి.

ఆస్తి తండ్రి పేరున ఉండి ఆయన పోయి ఉంటే, అద్దె ఎవరికి కట్టాలో వారసులంతా కలిసి ముందే అద్దెదారుకు లిఖితంగా చెప్పాలి. అన్నదమ్ముల్లో ఒకరు నోటీసిస్తే ఇంకొకరు అద్దె తీసుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. అద్దెదారుకు అంతకన్నా సుఖం లేదు. షాపు కొత్తగా కొన్నవాళ్ళయితే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 ప్రకారం పాత యజమాని హక్కులు మీకు వస్తాయి, అయినా కొన్న సంగతి అద్దెదారుకు రాతపూర్వకంగా తెలియజేయండి. అమెరికాలో ఉన్న పిల్లలు పంపే జీపీఏ (తమ తరఫున వ్యవహారం చూడమని రాసిచ్చే అధికారపత్రం) ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి. ఆ గడువు దాటిపోయాక మేల్కొనేవాళ్ళే ఎక్కువ.

రెండో మెట్టు: మీ షాపుకు ఏ చట్టం

ఇక్కడ తప్పు చేస్తే ఏళ్ళు పోతాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద రెంట్ కంట్రోలర్ (అద్దె తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళడం ఒక దారి. ఆ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, కట్టి 15 ఏళ్ళు కాని భవనాలనూ, ఆ సవరణ అమల్లోకి వచ్చేనాటికి కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటినవాటినీ పక్కన పెట్టింది. పాత పోస్టాఫీసు దగ్గరో పూర్ణా మార్కెట్ సందుల్లోనో తాతల నాటి అద్దెకు నడుస్తున్న కొట్లకు ఆ దారి ముఖ్యం. 2017లో రాష్ట్రం నివాస, నివాసేతర భవనాల అద్దెలకు మరో చట్టం చేసింది. ఈ చట్టాల పరిధిలో లేనివాటికి ఆస్తి బదిలీ చట్టం, సివిల్ దావా. కట్టిన సంవత్సరం, 2005 నాటి అద్దె, ఇప్పటి అద్దె, ఒప్పందం తేదీ, ఈ నాలుగూ వకీలు ముందు పెట్టి, ఏ చట్టం వర్తిస్తుందో, ఎందుకో కాగితం మీద రాయించుకోండి. ఫీజు గురించి మాట్లాడుకునేది ఆ తర్వాతే.

తేడా ఎక్కడంటే, 1960 చట్టంలో కారణం చూపాలి. కావాలని అద్దె ఎగవేయడం, మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఒక పనికి తీసుకుని మరో పనికి వాడటం, భవనం విలువ తగ్గేలా పాడుచేయడం, సరైన కారణం లేకుండా వరసగా నాలుగు నెలలు మూసి ఉంచడం, యజమాని హక్కునే కాదనడం, మీ సొంత వ్యాపారానికి నిజంగా అవసరం కావడం వంటివి అందులో ఉన్నాయి. ఆ దారిలో ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద అద్దె ముగించే నోటీసు అక్కర్లేదని సుప్రీంకోర్టు 1979లోనే తేల్చింది. సివిల్ దావాలో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది: నెలవారీ అద్దె ముగించడానికి కారణమే అక్కర్లేదు, నోటీసు మాత్రం ప్రాణం. మన డాబాగార్డెన్స్ షాపు సివిల్ దారిలో పడిందనుకుందాం. కొడుకు వ్యాపారం సంగతి నోటీసులో రాయకపోయినా నష్టం లేదు. రాస్తే, ఆ అవసరం నిజమా కాదా అన్న చర్చను మీరే తెరిచినట్టు.

రిజిస్టరైన లీజు గడువు ఇంకా మిగిలి ఉంటే లెక్క వేరు. షరతు మీరితే లీజు రద్దు చేసి స్వాధీనం చేసుకోవచ్చని దస్తావేజులోనే ఉండాలి. అద్దె బకాయి కారణంగా రద్దు చేసినా, విచారణ నాటికి బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే అద్దెదారును కాపాడే అధికారం ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 114 కింద కోర్టుకుంది. ఇంకో ఎనిమిది నెలలే మిగిలి ఉంటే గడువు తీరేదాకా ఆగడమే చవక అని నేనైతే చెబుతాను.

మూడో మెట్టు: నోటీసు

సెక్షన్ 106 నోటీసు రెండు పేజీలు చాలు. పాత గొడవలు, అతను మీ ఆవిడతో పరుషంగా మాట్లాడిన సంగతులు అందులో వద్దు. ఉండాల్సినవి ఇవి: షాపు డోరు నంబరు, నాలుగు హద్దులు, అద్దె ఎంత, ఏ తేదీన కట్టాలి, బకాయి ఏ నెల నుంచి ఎంత, అద్దె ఒప్పందాన్ని ఇందుమూలంగా ముగిస్తున్నామన్న స్పష్టమైన వాక్యం, నోటీసు అందిన నాటి నుంచి ఇన్ని రోజుల్లో ఖాళీ చేసి అప్పగించాలని, ఆ తర్వాత ఉంటే నెలకు ఇంత చొప్పున నష్టపరిహారం కట్టాలని. "ఖాళీ చేయండి, లేదా అద్దె 60,000కు పెంచండి" అని రాయకండి. అది ఒప్పందాన్ని ముగించే నోటీసు కాదు, బేరం. అలాంటి కాగితం మీద దావా వేస్తే అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే.

గడువు 15 రోజులు, అందిన తేదీ నుంచి. నోటీసు కాలం నెలాఖరుతో ముగియాలన్న పాత నియమం 2002 సవరణతో పోయింది. రోజుల లెక్క కొంచెం తగ్గినా, గడువు నిండాకే దావా వేస్తే నోటీసు చెల్లుతుంది. అయినా నేను 30 రోజులు ఇవ్వమంటాను. కోర్టులో అది మంచిగా కనిపిస్తుంది, ఆ పదిహేను రోజుల్లో మీకు పోయేదేమీ లేదు. నిలబడే ఒప్పందంలో మూడు నెలల నోటీసు అని ఉంటే మాత్రం మూడు నెలలే ఇవ్వాలి. ఆటోనగర్ వర్క్‌షాపు, పిండిమర, వెనక బట్టీ ఉన్న బేకరీ లాంటివైతే "మాది తయారీ వ్యాపారం, ఆరు నెలల నోటీసు కావాలి" అన్న వాదన వస్తుంది. రిజిస్టరు కాని ఒప్పందంలో అది నెగ్గడం కష్టమే, కానీ ఒక ఏడాది వాదించుకునే బదులు ఆరు నెలలు ఇచ్చేయడం నయం.

పంపడం అసలు మెలకువ. షాపు చిరునామాకు, ఇంటి చిరునామాకు, భాగస్వామ్య సంస్థయితే ఒక్కో భాగస్వామికి, విడివిడిగా రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ట్రాకింగ్ పేజీ అదే వారంలో ప్రింటు తీసి పెట్టుకోండి, తర్వాత దొరకదు. వాట్సాప్‌లో కూడా పంపండి, కానీ దాన్నే నమ్ముకోకండి. కవరు "తీసుకోలేదు" అని తిరిగొస్తే చింపకండి. సీలు వేసి ఉన్న ఆ కవరే మీ సాక్ష్యం. రెండు చోట్లా తప్పించుకుంటే షట్టరు మీద అంటించడానికి చట్టం ఒప్పుకుంటుంది. అంటించిన ఫొటోలో తేదీ, పక్క షాపు బోర్డు కనబడాలి.

నాలుగో మెట్టు: నోటీసు ఇచ్చాక మీ నడత

ఎక్కువ కేసులు ఇక్కడే చెడతాయి. గడువు అయిపోయిన మరుసటి నెల ఒకటో తారీఖున ఫోన్‌లో 42,000 పడుతుంది. మీరేమీ అనరు. అతని వకీలు తర్వాత అంటాడు: "అద్దె తీసుకున్నారు, అంటే నోటీసు వదులుకున్నారు." సెక్షన్ 113 ఆ వాదనకు చోటిస్తుంది. అద్దె తీసుకున్నంత మాత్రాన కొత్త ఒప్పందం పుట్టదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది నిజమే, కానీ ఆ తీర్పు మీకు పనికొచ్చేలోగా రెండు కోర్టులు దాటాలి. డబ్బు పడిన రోజే ఒక సందేశం పంపండి: "ఫలానా తేదీ నోటీసుతో అద్దె ఒప్పందం ముగిసింది. ఈ మొత్తాన్ని షాపు వాడుకుంటున్నందుకు నష్టపరిహారంగా, మా హక్కులకు భంగం లేకుండా జమ చేసుకుంటున్నాం." ప్రతి నెలా అదే మాట. అద్దె రసీదు ఇవ్వొద్దు. జీఎస్టీ ఇన్‌వాయిస్ ఇస్తున్నవాళ్ళు అందులో "అద్దె" అన్న మాట గురించి ఆడిటరుతో మాట్లాడండి. ఇన్‌వాయిస్ ఒకటి చెప్పి దావా ఇంకొకటి చెబితే ఇబ్బంది మీదే.

తాళం సంగతి. గడువు తీరినా, ఆరు నెలల బకాయి ఉన్నా, షాపు మీదే అయినా, కోర్టు ద్వారా తప్ప అతన్ని బయటికి పంపలేరు. మీరు తాళం వేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోగా దావా వేసి అతను షాపు తిరిగి తీసుకోవచ్చు. ఆ దావాలో మీరు యజమాని అన్న మాటకు విలువే లేదు. కరెంటు తీయించడం, నీళ్ళు ఆపడం, మెట్ల దగ్గర ఇటుకలు పోయడం కూడా అదే కోవ. స్టేషన్ పంచాయితీకి వెళ్ళే అలవాటు మన ఊళ్ళో ఉంది. ఖాళీ చేయించే అధికారం పోలీసులకు లేదు. అక్కడ రాసిచ్చిన "నెలలో ఖాళీ చేస్తాను" కాగితం రేపు "బెదిరించి రాయించుకున్నారు" అవుతుంది.

మీరు వేధిస్తున్నారంటూ అతనే ముందు ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) తెచ్చుకునే అవకాశం ఉంటుంది. అందుకని నోటీసు పంపిన వారంలోనే కేవియట్ వేయించండి. మీ మాట వినకుండా ఉత్తర్వు రాకుండా 90 రోజులు కాపాడుతుంది. తర్వాత మళ్ళీ వేయాలి.

అద్దెదారు వైపు నుంచి ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళకు కూడా ఒక మాట. యజమాని అద్దె తీసుకోవడం మానేస్తే సంతోషించకండి, బకాయి పేరుకుంటోంది. బ్యాంకు ద్వారా పంపుతూ ఉండండి. తిరిగొస్తే ఆ రుజువు దాచుకోండి.

ఐదో మెట్టు: ఏ కోర్టు, ముందు మధ్యవర్తిత్వమా

వ్యాపారానికి మాత్రమే వాడుతున్న స్థిరాస్తి గురించిన ఒప్పంద వివాదం, విలువ 3 లక్షలు దాటితే, 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం కిందికి వస్తుంది. విశాఖలో దానికి ప్రత్యేక కోర్టు ఉంది. అక్కడ విలువ కట్టేది ఆస్తి మార్కెట్ ధర మీద, కాబట్టి డాబాగార్డెన్స్‌లో షట్టరున్న ఏ గదీ 3 లక్షల లోపు ఉండదు. కోర్టు ఫీజు మాత్రం మార్కెట్ ధర మీద కాదు, గడిచిన ఏడాది అద్దె మీద. మనకు 42,000 చొప్పున పన్నెండు నెలలు, 5,04,000. కోటి రూపాయల షాపుకు కోటి మీద ఫీజు కట్టాలేమోనని భయపడి ఏళ్ళ తరబడి ఊరుకున్నవాళ్ళుంటారు.

వాణిజ్య కోర్టుకు వెళ్ళేవాళ్ళు అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళి తీరాలి. ఆ మెట్టు దాటవేసిన దావాను తిరస్కరించవచ్చని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడతారు, మూడు నెలల గడువు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. అవతలివాడు రాకపోతే రాలేదని నివేదిక ఇస్తారు, దాన్ని జతచేసి దావా వేస్తారు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తీర్పరి ముందు తేల్చుకోవడం) షరతు ఉందేమో కూడా చూసుకోండి. ఆస్తి బదిలీ చట్టం కింది అద్దె తగాదాలు ఆర్బిట్రేషన్‌కు పోవచ్చని 2020 డిసెంబరులో తీర్పు వచ్చింది. అద్దె నియంత్రణ చట్టం కిందివి పోలేవు.

ఆరో మెట్టు: దావా

మూడు కోరికలు ఉండాలి: షాపు స్వాధీనం, బకాయి అద్దె, ఒప్పందం ముగిసిన నాటి నుంచి అప్పగించేదాకా నష్టపరిహారం. బకాయికి మూడేళ్ళ కాలపరిమితి. నాలుగో ఏడు అద్దె వదులుకున్నట్టే. స్వాధీనానికి పన్నెండేళ్ళు ఉన్నాయి.

నష్టపరిహారం పాత అద్దె లెక్కన అడగకండి, ఇప్పటి మార్కెట్ అద్దె అడగండి. రుజువు కోసం బ్రోకరు మాట సరిపోదు. అదే వీధిలో ఈ మధ్య రిజిస్టరైన లీజుల సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరైనా తీసుకోవచ్చు. రెండు మూడు తెచ్చి చదరపు అడుగుకు ఎంత పడుతుందో చూపించండి. ఖాళీ చేయించే కేసును నిజంగా తొందరపెట్టేది ఈ అంకె. పాత అద్దెకే కూర్చోవచ్చని తెలిసినంతకాలం అద్దెదారుకు వాయిదాలు తియ్యగానే ఉంటాయి.

మన రాష్ట్రానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 15-ఏ అని ఒకటుంది, దాన్ని మీ వకీలుకు గుర్తుచేయండి. ఇలాంటి దావాలో అద్దెదారు తన జవాబు దాఖలు చేసేటప్పుడే వివాదం లేని బకాయిని జమ చేయాలి, ఆ తర్వాత నెలనెలా తీర్పు దాకా కడుతుండాలి. కట్టకపోతే అతని వాదనను కోర్టు కొట్టేయవచ్చు. అద్దె సంబంధం, అద్దె మొత్తం, నోటీసు అందడం, మూడూ అతని జవాబులో ఒప్పుకుని ఉంటే ఆర్డర్ 12 రూల్ 6 కింద ఒప్పుకోలు మీదే తీర్పు అడగవచ్చు, సాక్షుల విచారణ దాకా పోనక్కర్లేదు. వాణిజ్య దావాలో జవాబుకు 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది.

అతని వైపు వాదనలు పెద్ద మార్పు లేకుండా వస్తుంటాయి. "నోటి మాటగా ఇంకో ఐదేళ్ళు ఇచ్చారు": ఏడాది మించిన లీజు నోటి మాటతో పుట్టదు. "ఇంటీరియర్‌కు పదిహేను లక్షలు పెట్టాను": ఒప్పందంలో లేకపోతే మీరు ఇవ్వనక్కర్లేదు, భవనం చెడకుండా బిగించినవి పీకి తీసుకుపోవచ్చు. "ఆయన యజమానే కాదు": మీ ద్వారా లోపలికి వచ్చినవాడు లోపలే ఉండి ఆ మాట అనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. "అడ్వాన్సు ఇస్తే వెళతాను" అన్నది మాత్రం వినదగ్గ మాట. బకాయిలు పోను మిగిలింది తాళాల రోజున ఇస్తామని దావాలోనే రాసేయండి.

ఏడో మెట్టు: రాజీ, కానీ కోర్టులో

ఎక్కడో ఒకచోట "ఆరు నెలలు టైమివ్వండి" అన్న మాట వస్తుంది. ఇవ్వండి. అప్పీళ్ళతో పోల్చితే ఆరు నెలలు లెక్క కాదు. అయితే పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద కాదు. అలా రాసుకుని అతను మాట తప్పితే మళ్ళీ కొత్త దావా. ఖాళీ చేసే తేదీ, నెలకు కట్టాల్సింది, తప్పితే వెంటనే స్వాధీనం అన్న షరతు రాసి కోర్టులో రాజీ డిక్రీ తీసుకోండి, లేదా లోక్ అదాలత్‌లో అవార్డు చేయించండి. అవార్డు మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

ఎనిమిదో మెట్టు: డిక్రీ తర్వాత

డిక్రీ వచ్చిన సాయంత్రమే అప్పీలు కోర్టులో కేవియట్. స్టే అడిగితే, డిక్రీ తేదీ నుంచి మార్కెట్ అద్దె కట్టే షరతు పెట్టమని మీ వకీలు పట్టుబట్టాలి. అలా పెట్టవచ్చని ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టే లేకపోతే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయండి. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని 2021లో అన్ని కోర్టులకూ ఆదేశం ఉంది. దాన్ని పిటిషన్‌లో ప్రస్తావించండి.

వారెంటు తీసుకుని అమీనా (కోర్టు ఉత్తర్వు అమలు చేసే ఉద్యోగి) వచ్చే రోజు షట్టరుకు తాళం వేసి ఉండొచ్చు, లేదా ఎవరో కొత్త మనిషి కూర్చుని "నేను సబ్ లీజుదారుణ్ణి" అనొచ్చు. తాళం పగలగొట్టే అనుమతి, పోలీసు సాయం ముందే అడిగి పెట్టుకోండి. అడ్డుపడినవాడి మీద ఆర్డర్ 21 రూల్ 97 కింద అదే కోర్టులో దరఖాస్తు, వేరే దావా కాదు. లోపల సామాను ఉంటే అమీనా సమక్షంలో జాబితా, వీడియో, పంచాయతీదారుల (అక్కడ సాక్షులుగా నిలబడ్డవాళ్ళ) సంతకాలు. ఒక్క కుర్చీ కూడా మీరు బయట పడేయొద్దు.

అతనే వచ్చి తాళాలిస్తే పని తేలిక, అయినా కాగితం కావాలి. స్వాధీనం అప్పగించినట్టు సంతకం, కరెంటు మీటరు రీడింగు ఫొటో, ఈపీడీసీఎల్ చివరి బిల్లు కట్టిన రసీదు, ఈ చిరునామా మీద ఉన్న జీఎస్టీ రిజిస్ట్రేషన్‌నూ జీవీఎంసీ ట్రేడ్ లైసెన్స్‌నూ రద్దుకు పెట్టినట్టు రుజువు. అవన్నీ చేతికి వచ్చాకే అడ్వాన్సు చెక్కు ఇవ్వండి. మధ్యాహ్నంలోగా కొత్త తాళం వేయించండి.